చరిత్ర చదివితే ఏం వస్తుంది?

కాలేజీల నోటీసు బోర్డుల మీద రాబోయే సెమిస్టరు పాఠ్యవిషయాల జాబితాలు పడే రోజులివి. కంప్యూటరు కాగితం ముందు పిల్లలు ఒకరి భుజాల మీదుగా ఒకరు తొంగి చూస్తుంటారు. కామర్సు కాగితం ముందూ అంతే. ఆ పక్కనే చరిత్ర కాగితం ఉంటుంది. ప్రాచీన భారతం, మధ్యయుగం, ఆధునిక భారతం, ఆంధ్రుల చరిత్ర, ప్రపంచ చరిత్ర అని ముచ్చటగా అచ్చయి ఉంటుంది. దాని ముందు నిలబడే వాళ్ళను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలు.

నేను చరిత్ర పంతుల్ని కానండీ. తెలుగు చెప్పుకొని బతికేవాణ్ణి. చరిత్రవారిది మా పక్క గది. అయినా పక్కింట్లో దీపం కొండెక్కుతూ ఉంటే మనకెందుకులే అని ఊరుకోలేం గదా!

వెనకటి రోజుల్లో హెచ్.ఇ.పి. అని ఒక గ్రూపు ఉండేది. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి మూడూ ఒకే మూటలో కట్టి యిచ్చేవారు. ఆ మూటలో పడి చరిత్ర ఎలాగో బతికేది. 2015–16లో డిగ్రీకి సెమిస్టర్లు వచ్చాయి. 2023–24లో ఒక విషయాన్ని మేజర్‌గా, మరొకదాన్ని మైనర్‌గా ఎంచుకొనే పద్ధతి వచ్చింది. దాంతో చరిత్రను దాని పేరు పెట్టి అడిగేవాళ్ళు కావలసి వచ్చారు. చాలినంతమంది అడగకపోతే ఆ కాలేజీలో ఆ మేజరు నడవదు. ఒకసారి ఆగిన మేజరు మళ్ళీ లేవడం కష్టం. పంతులు వేరే ఊరు వెళ్ళిపోతాడు. పుస్తకాల బీరువా తాళం ఎక్కడో పోతుంది.

ఈ మధ్య తాడేపల్లిగూడెం నుంచి ఒక ఉల్లిపాయల వ్యాపారి కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చారు. అమ్మాయి చరిత్ర తీసుకుంటానంటుందట. ఆయన నన్ను పక్కకు పిలిచి, "మేష్టారూ! మీరైనా చెప్పండి. చచ్చిపోయిన రాజుల గొడవ మనకెందుకు? ఆ చదువు చదివితే ఏం వస్తుంది?" అన్నారు.

"పెద్దబ్బాయి ఏం చేస్తున్నాడండీ?" అన్నాను.

"వాడా? ఇంజనీరింగు అయింది. గ్రూపు పరీక్షలకని విజయవాడలో కోచింగు తీసుకుంటున్నాడు."

"అక్కడ ఏం చెబుతున్నారు?"

ఆయన కాసేపు తలగోక్కొని, "చరిత్రేనండీ, తతిమ్మావాటితోపాటు!" అని తనే నవ్వేశారు.

చూశారా చిత్రం! పద్ధెనిమిదో ఏట పనికిరాని చదువు, పాతికో ఏట వేలు పోసి కొనుక్కునే చదువు అవుతోంది. అయితే ఉద్యోగం వస్తుంది కాబట్టి చరిత్ర చదవండి అని నేను చెప్పబోవడం లేదు. అది చిన్న లాభం. అంతకంటే పెద్దది ఉంది.

ఏలూరికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో పెదవేగి ఉంది. మన వాళ్ళు అటువైపు పెళ్ళిళ్ళకు వెళతారు, పొలాలు చూడడానికి వెళతారు. ఒకప్పటి వేంగి రాజధాని అదే. నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడు దక్షిణాదికి దండెత్తి వచ్చినప్పుడు ఎదురైన రాజులలో వేంగి హస్తివర్మ ఒకడు. ఆ ముక్క అలహాబాదు స్తంభం మీద చెక్కి ఉంది. ఆయన శాలంకాయనుడు. ఆ వంశపు రాజులు చిత్రరథస్వామికి భక్తులమని తమ రాగిరేకుల మీద చెప్పుకున్నారు. సుమారు 624లో కుబ్జవిష్ణువర్ధనుడితో తూర్పు చాళుక్యుల ఏలుబడి మొదలయింది. తరువాత రాజధాని రాజమహేంద్రవరానికి మారింది. అక్కడ రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతం తెలుగు చేశాడు.

ఇప్పుడు చెప్పండి. వేంగి అంటే తెలియని కుర్రవాడికి నేను నన్నయను ఎలా చెప్పను? "వేగినాటివారం" అని ఇంటి శాఖ చెప్పుకునే పిల్లకు ఆ వేగినాడు ఎక్కడో తెలియకపోతే, ఆ పేరు ఉత్త పేరుగానే మిగిలిపోతుంది.

ఇక కొల్లేరు. కర్ణాటకలోని ఐహొళెలో రెండో పులకేశి శాసనం ఉంది. 634 నాటిది, వ్రాసినవాడు రవికీర్తి. కునాల సరస్సులోని నీరు యుద్ధంలో నెత్తుటితో ఎరుపెక్కిందని అందులో ఉంది. ఆ కునాలం మన కొల్లేరేనని చాలామంది పండితుల మాట. కొల్లేటికోట వైపు వెళితే మరో కథ చెబుతారు. కోటను పట్టడానికి శత్రువులు సరస్సు నీటిని సముద్రంలోకి వదిలేయాలని ఉప్పుటేరు తవ్వారట. ఆ పోరులో ఒక సేనాని తన కూతుర్నే బలి యిచ్చాడట. ఆ కాలువకు పేరంటాలకనుమ అని పేరు నిలిచింది. శాసనం ఏ మేరకు సాక్ష్యం, జనం చెప్పుకునే కథ ఏ మేరకు సాక్ష్యం అని తూచి చూడడం నేర్పేదే చరిత్ర తరగతి. రాజుల పేర్లు బట్టీ పట్టించడం దాని పని కాదు.

ఆ తూకం ఎందుకంటారా? కొల్లేటి లంకల నుంచి వచ్చే ఒక విద్యార్థి మా చరిత్ర మేష్టారిని అడిగాడు: "మా నాన్న చెరువు గట్టు తెగగొట్టారండి. అది కూడా చరిత్రలో వస్తుందా?" వస్తుంది. రావాలి. 1970లలో ప్రభుత్వమే సహకార సంఘాల పేర అక్కడ చేపల చెరువులు తవ్వించింది. తరువాత పెద్ద పెట్టుబడులు దిగాయి. సరస్సు చిక్కిపోయింది. 1999లో అయిదడుగుల కాంటూరు వరకు అభయారణ్యం అన్నారు. 2002లో రాంసార్ ఒడంబడిక కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తించారు. 2006లో గట్లు కొట్టేశారు. పక్షికి ఎంత హక్కు, జాలరికి ఎంత, చెరువు గుత్తకు తీసుకున్నవాడికి ఎంత అన్న తగవు ఆనాటితో తీరలేదు. ఎవరి మాట నిజమో తేల్చాలంటే ఏ ఏట ఏ కాగితం పుట్టిందో తెలిసినవాడు కావాలి. ఆ పిల్లవాడే ఆ కాగితాలు చదవగలిగితే, వాళ్ళ ఊరి తరఫున మాట్లాడడానికి వేరే ఊరివాడి కోసం చూడనక్కరలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని ఇళ్ళు మునిగాయో మీరందరూ ఎరుగుదురు. ఆ బుడమేరు నీళ్ళు చేరవలసింది మన కొల్లేటికే. ఏలూరి పక్కనుంచి పారే తమ్మిలేరూ అక్కడికే చేరుతుంది. ఏరు మరచిపోదండీ. దాని దారి మనమే మరచిపోతాం. ఆ దారి ఏ కాలంలో ఎలా ఉండేదో గుర్తుచేయడం కూడా చరిత్రే.

ఇంత సరంజామా చుట్టూ ఉంటే, మన పాఠాలలో వేంగికి దక్కేది ఒకటి రెండు పుటలు. అందుకని చరిత్రవారికీ నాది ఒక విన్నపం ఉంది. సెమిస్టరుకు మూడు రోజులు గది తలుపులు మూసేయండి. ఒకరోజు పెదవేగి దిబ్బలు, ఒకరోజు కామవరపుకోట దగ్గరి గుంటుపల్లి బౌద్ధగుహలు, ఒకరోజు కొల్లేటికోట. గుంటుపల్లిలో కొండను తొలిచి కట్టిన గుండ్రని చైత్యం లోపల నిలబడిన పిల్ల "బౌద్ధం" అన్న మాటను పరీక్ష అయిపోగానే మరచిపోదు.

మల్లంపల్లి సోమశేఖరశర్మగారిని తలచుకోండి. మన గోదావరి సీమవారే. పెద్ద డిగ్రీల అండ లేకుండా శాసనాలు చదివి ఆయన వ్రాసిన రెడ్డిరాజ్యాల చరిత్రను 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం అచ్చువేసింది. మన పిల్లలకు డిగ్రీ ఇస్తామని కాలేజీ పిలుస్తోంది. మనమే వద్దంటున్నాం.

అమ్మలకూ నాన్నలకూ ఒక్క మాట. ఇంటికి ఫారం వచ్చినప్పుడు, అందులో పిల్లో పిల్లవాడో "చరిత్ర" అని వ్రాసి ఉంటే వెంటనే కొట్టేయకండి. ఒక ఆదివారం ఆ పిల్లనే దారి చూపమని పెదవేగి వెళ్ళి రండి. అన్నం మూట తీసుకువెళ్ళండి. ఆ దిబ్బల దగ్గర కూర్చొని, ఇక్కడ ఏముండేదో చెప్పమ్మా అని అడగండి. ఆమె చెప్పేది విన్న తరువాత సంతకం మీ ఇష్టం.