బేరింగు వేడెక్కితే డ్రైవరుకు చెప్పేదెవరు?

అమెరికా ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్ అధిపతి గారికి,



2023 ఫిబ్రవరి 3 రాత్రి ఒహాయో రాష్ట్రం ఈస్ట్ పాలస్తీన్‌లో నార్ఫోక్ సదరన్ కంపెనీ గూడ్సు రైలులోని 38 వ్యాగన్లు పట్టాలు తప్పాయి. మూడు రోజులకు విష రసాయనం వినైల్ క్లోరైడ్ ఉన్న అయిదు ట్యాంకర్లను కావాలనే తగలబెట్టారు. ఆ అవసరమే లేదని జాతీయ రవాణా భద్రతా మండలి 2024లో తేల్చింది. ఊరివాళ్లు ఆ పొగ పీల్చేశాక!

మూలం ఒక చక్రం బేరింగు. ఒహాయోలోనే ఉన్న సేలం దగ్గర పట్టాల పక్కనున్న పరికరం, దాని వేడి బయటి గాలికన్నా 103 ఫారెన్‌హీట్ డిగ్రీలు ఎక్కువని పట్టింది. రైలు ఆపడానికి కంపెనీ లెక్కలో అది చాలలేదు. కబురు ఆఫీసు డెస్కుకే వెళ్లింది, ఇంజన్లో ఉన్నవాళ్లకు కాదు. తర్వాతి పరికరం సుమారు 20 మైళ్ల అవతల. అక్కడ 253. అప్పటికే చెయ్యి దాటిపోయింది.

చరిత్రంటే ఈ కంపెనీకి మక్కువే. 2012లో తనలో కలిసిపోయిన పాత రైల్వేల రంగులు 20 ఇంజన్లకు వేయించింది. ముచ్చటైన పనే. ఆ శ్రద్ధ బేరింగుల వేడి మీదా ఉండాల్సింది.

ఆ వేడిని పట్టే పరికరాల మధ్య దూరాన్ని కంపెనీల ఇష్టానికి వదలకండి, నిబంధనగా రాయండి. చిన్న హెచ్చరికైనా సరే, ముందు డ్రైవరుకే అందేలా చూడండి.