ఛతువాకు ముఖపరీక్ష ఎందుకు?

డిజిటల్ సాంకేతికత సామాజిక సేవలోకి అడుగుపెట్టినప్పుడు మొదట మారేది సేవ అందుకునేవారి బతుకు కాదని, సేవ చేసే మనిషి దినచర్య అని ఒడిశా కొరాపుట్ జిల్లాలోని సెమిలిగుడ, పొట్టంగి కొండల్లో ఉన్న అంగన్‌వాడీ కేంద్రాలను ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. గర్భిణులకు, బాలింతలకు, మూడేళ్లలోపు పిల్లలకు ఇంటికిచ్చే పోషకాహారాన్ని, అంటే ఒడిశాలో ఛతువా అని పిలిచే పిండిని, ముఖ గుర్తింపు జరిగాకే ఇవ్వాలన్న నిబంధన 2025 జులై 1 నుంచి దేశమంతటా తప్పనిసరి అయింది. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో తల్లి ఆధార్ వివరాలు నమోదు చేసి, ఫోనుకు వచ్చే ఓటీపీతో ధ్రువీకరించి, పంపిణీ నాడు ఆమె ముఖాన్ని పాత ఫొటోతో సరిపోల్చే ఈ పద్ధతి బోగస్ లబ్ధిదారులను ఏరివేస్తుందని కేంద్రం వాదిస్తోంది. కానీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ వలస వెళ్లిన భర్త వెంట ఉంటే ఆ ఓటీపీ ఎవరు చెప్పాలి? అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశా మహిళల్లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు 24.9 శాతమే కాగా, పురుషుల్లో అది 50.7 శాతం.

2013 ఆహార భద్రతా చట్టం ఈ తిండిని హక్కుగా ప్రకటించింది. ఆధార్ చూపలేదన్న కారణంతో ఏ బిడ్డకూ పథకాల ప్రయోజనం నిరాకరించరాదని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. హక్కు ఉన్నచోట కెమెరా అనుమతి అడగడం అన్యాయం.

అంతకంటే లోతైన నష్టం మరొకటి ఉంది. సెమిలిగుడ చుట్టూ దేశియా భాషలో, రాయగడ వైపు తెలుగుకు చుట్టమైన కువి భాషలో తల్లులతో మాట్లాడి, ఎవరి చంటిబిడ్డ చిక్కిపోతోందో, ఎవరింట పొయ్యి రాజుకోలేదో పసిగట్టగల అంగన్‌వాడీ కార్యకర్త నైపుణ్యమే సామాజిక సేవకు ప్రాణం. ఆ చూపు ఇప్పుడు సిగ్నల్ గీతల మీదికి మళ్లింది. పగలు యాప్‌లో నింపని వివరాల కోసం రాత్రి వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ నిలదీయించుకునే మనిషికి, ఇతరుల క్షేమం కనిపెట్టే ఓపిక ఎక్కడినుంచి వస్తుంది?

పైగా ఈ చాకిరీకి కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం 2018 అక్టోబరు నుంచి నెలకు 4,500 రూపాయలే. ఉద్యోగి అనడానికి మనసొప్పని ప్రభుత్వాలు హాజరు, ఫొటో, లెక్క మాత్రం ఉద్యోగి కంటే కఠినంగా అడుగుతున్నాయి. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో వేతనం, గ్రాట్యుటీ కోసం అంగన్‌వాడీలు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేస్తే, అప్పటి ప్రభుత్వం వారిపై అత్యవసర సేవల నిర్వహణ చట్టాన్ని, అంటే ఎస్మాను, ప్రయోగించింది. సమ్మె చేసినప్పుడు అత్యవసర సేవకులైనవారు జీతాల పట్టికలో స్వచ్ఛంద సేవకులు ఎలా అవుతారు?

ముఖ గుర్తింపు షరతును కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ వెంటనే ఉపసంహరించాలి; అంతవరకు ముఖం సరిపోలని తల్లికి రిజిస్టరులో సంతకమో వేలిముద్రో తీసుకుని ఛతువా ఇవ్వాలని కొరాపుట్, రాయగడ కలెక్టర్లు రాతపూర్వకంగా ఆదేశించాలి.