సంతకానికి ముందు ప్రశ్న

పీయూష గ్రంథిలో కణితి ఉన్నదని, ముక్కు గుండా ఎండోస్కోప్‌తో తీస్తామని వైద్యులు చెప్పినట్లు ఒక సోదరి వ్రాశారు. సమ్మతి పత్రంలో ‘మెదడుకు వెళ్ళే పెద్ద రక్తనాళం గాయపడవచ్చు’ అన్న వాక్యం చదివి ఆమె భయపడ్డారు. ఏదో అడగబోతే, ‘అల్లాహ్‌పై భారం వేసి సంతకం చెయ్యి, ప్రశ్నలు తవక్కుల్‌కు విరుద్ధం’ అని ఇంటి పెద్దలు వారించారట.

ఆ వాక్యం ఊరకే వ్రాసినది కాదు. బఠాణీ గింజంత ఉండే ఈ గ్రంథి కపాలపు అడుగున ఒక ఎముక గుంటలో ఉంటుంది. ఆకారాన్ని బట్టి ఆ గుంటకు శరీరశాస్త్రజ్ఞులు ‘తుర్కీ జీను’ అని పేరు పెట్టారు. దానికి ఇరువైపులా కెరోటిడ్ ధమనులు వంపులు తిరుగుతూ మెదడుకు సాగుతాయి. వాటిని కప్పిన ఎముక గుడ్డు పెంకులా పలుచన. కొందరిలో అక్కడక్కడ అసలే ఉండదు. ధమని తెగితే ఆ ఇరుకు మార్గం క్షణాల్లో రక్తంతో నిండి ఏమీ కనబడదు. ప్రాణాపాయమో పక్షవాతమో సంభవించవచ్చు.

అయినా నిపుణుల చేతిలో ఇది నూటికి ఒకటికన్నా తక్కువ సందర్భాల్లోనే జరుగుతుంది. కారణం ముందుచూపు. సీటీ, ఎమ్మారై చిత్రాల్లో రోగి ధమనులు ఎక్కడున్నాయో ముందే పరిశీలిస్తారు. ముక్కు వెనుక గదిలోని ఎముక అడ్డుగోడ కొందరిలో నేరుగా ధమనిపై ఎముకకే అతుక్కొని ఉంటుంది. దాన్ని మెలిపెట్టి విరిస్తే ధమని చీలవచ్చు గనుక, వజ్రపు పొడి అద్దిన డ్రిల్లుతో మెల్లగా అరగదీస్తారు. పొర కోసే ముందు సన్నని డాప్లర్ సాధనం ఆనించి రక్తప్రవాహ శబ్దం వింటారు. వినిపించిన చోట కత్తి పెట్టరు. ధమనిని చుట్టుకొన్న కణితి ముక్కను లాగక వదలివేసిన వైద్యుణ్ణి ‘మొత్తం తీయలేదు’ అని నిందించే బంధువులు ఈ సంగతి గ్రహించాలి.

ఇక షరీఅత్ మాట. విద్య తెలియక వైద్యం చేసి హాని కలిగించినవాడు బాధ్యుడన్న భావం గల హదీసు అబూదావూద్ గ్రంథంలో ఉంది. నిపుణుడై, అనుమతి పొంది, వృత్తి హద్దు మీరని వైద్యునిపై పరిహార బాధ్యత లేదని ఫుఖహాలు తేల్చారు. ఇందులో ‘అనుమతి’ తేలికైన మాట కాదు. దేనికి ఒప్పుకుంటున్నామో తెలియని సంతకం అనుమతి ఎలా అవుతుంది? ఆ అనుమతి ఇవ్వవలసిందీ ఆ సోదరియే, ఇంటి పెద్దలు కారు.

కాబట్టి ఆమె నిస్సంకోచంగా అడగాలి. ఇది ఆపరేషన్ అవసరమైన కణితేనా? (ప్రొలాక్టిన్ కణితులు చాలావరకు మాత్రలతోనే తగ్గుతాయి.) ఈ ఆపరేషన్ మీరు ఎంత తరచుగా చేస్తారు? ధమని గాయపడితే రక్తనాళం లోపలి నుంచి చికిత్స చేసేవారు ఇక్కడే ఉన్నారా? తానూ దాచకూడదు: పూర్వపు ముక్కు ఆపరేషను, రేడియేషను, రక్తం పలుచబరిచే మాత్రలు, హకీము మందులు అన్నీ చెప్పాలి.

ఇంటికి వచ్చాక వైద్యుడు అనుమతించే వరకు వుజూలో ముక్కులోకి నీరు ఎక్కించరాదు. గుస్ల్‌లోనూ ఇదే సడలింపు. సజ్దాకు వంగక, కూర్చొని సైగతో నమాజ్ చేయవచ్చు. వారాల తర్వాతైనా ముక్కు నుంచి ధారగా రక్తం వస్తే వేడి చేసిందని సరిపెట్టుకోరాదు. దెబ్బతిన్న ధమని గోడ ఆలస్యంగా ఉబ్బి పగలడం వల్ల కూడా అలా కావచ్చు. ఆపరేషన్ కాగితాలు తీసుకొని, అర్ధరాత్రైనా సరే, వెంటనే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళాలి.