మార్జాలమునకు లంఘనమా?

పెంపుడు పిల్లి రెండుమారులు కక్కినను, పలుచగా విరేచనము చేసినను మన యిండ్లలో వెలువడు తీర్పు ఒక్కటే: "ఒకటి రెండు రోజులు కడుపు మాడ్చుడు, అదే సర్దుకొనును, లంఖణం పరమౌషధం." జ్వరపడిన మనుష్యునకు పథ్యపానములు విధించుటలో తరతరముల యనుభవము గల పెద్దల నోట వచ్చు మాట గనుక దీనికి గౌరవము మెండు, దీనివలని యపాయమును అందుచేతనే మెండు. మనుష్యుని జఠరమును చూచి చెప్పిన సూత్రమును, మాంసమే జీవనాధారముగా గల జంతువునకు అంటగట్టుట వైద్యము కాదనియు, ఒక్కొక్కప్పుడు అది ప్రాణాంతకమనియు నా వాదము.

మనము ఉపవసించినపుడు దేహము తన వ్యయమును క్రమముగా తగ్గించుకొనును. పిల్లికి ఆ నేర్పు మిక్కిలి తక్కువ. దాని కాలేయమునందు మాంసకృత్తులను విచ్ఛిన్నము చేయు ఎంజైములు, తిండి దొరకినను దొరకకున్నను, ఇంచుమించు ఒకే వేగమున పనిచేయుచుండును. ఆహారము మానిన పిల్లి, విశేషించి బాగుగా బలిసినది, తన మేనిలోని కొవ్వును కరిగించి కాలేయమునకు చేరవేయగా, ఆ కాలేయము దానిని వినియోగింపజాలక, వెలుపలికి పంపనుజాలక, తానే కొవ్వుతో నిండిపోవును. చిగుళ్ళును చెవుల లోపలి చర్మమును పసుపువన్నెకు తిరుగును. ఇందులకు కొలదిదినముల నిరాహారము చాలును. చిత్రమేమనగా, ఈ వ్యాధికి ప్రధానచికిత్స ఆహారమే: పశువైద్యులు గొట్టమమర్చి వారములతరబడి పిల్లికి తిండి యెక్కింపవలసివచ్చును. మానిపించినదే మందుగా పరిణమించిన చోట ఇంక ఆ సామెతకు నిలువ నీడయైన ఎక్కడ?

ఎదిగిన పిల్లికి వాంతులు తగ్గువరకు కొన్ని గంటలు కడుపునకు విశ్రాంతి యిచ్చుటను నేను ఆక్షేపింపను. దానిని పూటపూటకు పొడిగించుటనే ఆక్షేపించుచున్నాను. కూనలకు అంతమాత్రమును కూడదు, వాని రక్తములోని చక్కెర త్వరితముగా పడిపోవును. అదియు గాక, టీకా వేయని కూన వాంతివిరేచనములతో సొమ్మసిల్లినచో అది అజీర్ణము గాక పాన్‌ల్యూకోపీనియా యను వైరసు వ్యాధి కావచ్చును. ఉపవాసమునకు జంకు వైరసును నేనెరుగను.

కడుపు మాడ్చుటకు మనసొప్పని జాలిగుండెలవారు పాలు పోయుదురు. తెనాలి రామకృష్ణుని పిల్లి పాలను చూచి పరుగెత్తినదని నవ్వుకొందుము గాని, ఎదిగిన పిల్లులలో పెక్కింటికి అదే క్షేమము: తల్లిపాలు మానిన పిమ్మట పాలలోని చక్కెరను జీర్ణించు శక్తి క్షీణించుటచే, ఆ చక్కెర ప్రేగులలో పులిసి విరేచనములను ఇనుమడింపజేయును. ఇంట నున్న పారాసిటమాల్ బిళ్ళను విరిచి వేయువారి సంగతి చెప్పనేల? దానిని నిర్విషము చేయు సామర్థ్యము పిల్లి కాలేయమునకు లేదు; ఒక్క బిళ్ళయే దాని ప్రాణము తీయగలదు.

చేయదగినది స్వల్పము. మంచినీరు ఎల్లప్పుడు అందుబాటున ఉంచి, ఉప్పుకారములు, ఉల్లి, వెల్లుల్లి తగులని ఉడికించిన కోడిమాంసమును కొంచెము కొంచెముగా పలుమారులు పెట్టవలెను. ఒక దినమంతయు ముట్టకున్నను, నెత్తురు కనబడినను, మాటిమాటికి కక్కుచున్నను పశువైద్యుని కడకు కొనిపోవలెను. నోటినుండి దారము వ్రేలాడుచున్నచో లాగరాదు. లోపల ప్రేగులు తెగును. మగపిల్లి పదేపదే కూర్చుండి ముక్కుచున్నచో మలబద్ధమని ఆముదము పట్టించువారు కలరు. అది మూత్రమార్గము మూసికొనిపోవుట కావచ్చును. అట్టియెడ మొదట చూడవలసినది మూత్రము పడుచున్నదా లేదా యనునదియే. పడకున్నచో తెల్లవారువరకు గూడ ఆగరాదు.