ఓడిపోవడం మన నేటివిటీ కాదా?

ఈ మధ్య నేను చూసిన సినిమాల్లో సగం, అంతకుముందు వేరే భాషలో చూసిన కథలే. శనివారం ఒరిజినల్, ఆదివారం మన రీమేక్. ఆఫీసులో రోజూ చేసే పని కూడా ఇంచుమించు ఇదే. పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కన పెట్టి ఏ లైను తీసేశారు, ఏ లైను కలిపారు అని చూడటం. దాన్ని మేం డిఫ్ అంటాం. మార్చినవాడు పైన ఎంత గొప్ప వివరణ రాసుకున్నా సరే, నిజంగా ఏం చేశాడో డిఫ్‌లో దొరికిపోతాడు.

మన రీమేక్‌ల వివరణ ఎప్పుడూ ఒకటే: "మన నేటివిటీకి తగ్గట్టు మార్పులు చేశాం." ప్రీ రిలీజ్ ఈవెంట్లలో ఈ మాట విని విని చెవులు అరిగిపోయాయి. నా గొడవంతా ఈ మాటతోనే. ఎందుకంటే డిఫ్ తీసి చూస్తే ఊరు, యాస, తిండి, పండగలు లాంటివి పెద్దగా మారవు. చాలాసార్లు తీసేసేది ఒకటే: హీరో ఓడిపోవడం. ఓడిపోయే అవకాశం కూడా.

ముందే చెప్తున్నా, రీమేక్ అంటే నాకు చిన్నచూపు లేదు. ఎన్టీఆర్ 'జంజీర్'ని 'నిప్పులాంటి మనిషి' (1974)గా, 'డాన్'ని 'యుగంధర్' (1979)గా చేశారు. ఆ రోజుల్లో తణుకులోనో తెనాలిలోనో ఉండే మనిషికి హిందీ కథ అర్థమయ్యేలా చేరాలంటే అదే దారి. ఇప్పుడు ఆ అవసరం ఎక్కడుంది? ఒరిజినల్ నా ఫోన్‌లోనే ఉంది, కింద సబ్‌టైటిల్స్‌తో. మలయాళం 'ప్రేమలు' 2024లో తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లలోనే ఆడింది. అంటే ఇవాళ రీమేక్ తీసేవాళ్ళు నాకు కొత్తగా కథ చెప్పట్లేదు. నాకు తెలిసిన కథని నాకోసం ఏం చేశారో చూపిస్తున్నారు. కాబట్టి లెక్క అడిగే హక్కు నాకుంది.

'పింక్' (2016) తీసుకోండి. అందులో లాయర్ దీపక్ సెహగల్ ముసలివాడు. బైపోలార్ డిజార్డర్‌తో బాధపడుతుంటాడు. భార్య ఆసుపత్రి మంచం మీద ఉంటుంది. ఈయన ఎవర్నీ కొట్టలేడు. అందుకే ఆయన దగ్గర మాటొక్కటే మిగిలింది. ఆడపిల్ల వద్దంటే వద్దనే, దానికి ఇంకో అర్థం లేదు అని కోర్టులో చెప్తుంటే, ఆ మాట వెనక ఏ కండబలమూ లేదు. ఆ మాట తన కాళ్ళ మీద తనే నిలబడాలి. అదే ఆ సినిమా. ఆడవాళ్ళ బాధ చెప్పడానికి మళ్ళీ మగ లాయరే దిక్కయ్యాడా అని 'పింక్' మీద కూడా విమర్శ వచ్చింది. అది న్యాయమైన విమర్శే.

2021లో అది 'వకీల్ సాబ్' అయింది. నివేదా థామస్, అంజలి, అనన్య నాగళ్ళ ముగ్గురూ బాగా చేశారు. ప్రకాష్ రాజ్ ఉన్నాడు, కోర్టు సీన్లు ఉన్నాయి. కానీ కలిపిన లైన్లు చూడండి: లాయర్‌కి ఒక ప్రేమకథ, ఒక ఫ్లాష్‌బ్యాక్, మెట్రో రైల్లో ఫైటు. నల్లకోటు వేసుకున్న మనిషి పదిమందిని మట్టి కరిపించగలడని ఒకసారి చూశాక, కోర్టులో ఆయన వాదన ఓడిపోతుందేమోనన్న భయం నాకెందుకుంటుంది? మా బాబాయి కూతురు బీటెక్ మూడో సంవత్సరం. సినిమా అయ్యాక అది అడిగింది: "అన్నయ్యా, ఆ లాయర్ కొట్టేవాడు కాకపోయుంటే వీళ్ళ గతేంటి?" నా దగ్గర జవాబు లేదు. 'పింక్' ఆ జవాబు చెప్పడానికే తీసిన సినిమా. మనం దాన్ని కొనుక్కొచ్చి జవాబు తీసేసి, మనిషిని పెట్టాం.

'అయ్యప్పనుమ్ కోషియుమ్' (2020) సంగతి ఇంకా తేలిక, డిఫ్ పేరులోనే ఉంది. సచి రాసి తీసిన ఆ సినిమా ఇద్దరు మగాళ్ళ అహంకారాల కథ. ఇద్దరూ తప్పు చేస్తారు, ఇద్దరూ నష్టపోతారు, కాసేపు ఒకడి పక్షం, కాసేపు ఇంకొకడి పక్షం మనం మారుతూ ఉంటాం. అందుకే టైటిల్‌లో రెండు పేర్లు, మధ్యలో 'మరియు'. తెలుగులో అది 'భీమ్లా నాయక్' (2022). రెండో పేరు ఎగిరిపోయింది. రానా ఎంత గట్టిగా నిలబడినా, ఎవరు గెలుస్తారో పోస్టరే చెప్పేసింది. పేరు తీసేయడం నేటివిటీ ఎలా అవుతుంది? మన ఊళ్ళల్లో రెండు వర్గాలు ఉండవా?

నేటివిటీ అంటే ఏంటో చేసి చూపించినవాళ్ళు లేకపోలేదు. 'మహేశింటె ప్రతికారం' (2016)ని వెంకటేష్ మహా 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య' (2020)గా తీశాడు. కథని ఇడుక్కి కొండల నుంచి అరకుకి తెచ్చాడు. అక్కడి మాట, అక్కడి మనుషులు వచ్చారు. కానీ నలుగురి ముందు తన్నులు తిని, పగ తీరేదాకా చెప్పులు వేసుకోనని ఒట్టు పెట్టుకున్న ఫొటోగ్రాఫర్ అలాగే ఉన్నాడు. సత్యదేవ్ దెబ్బలు తింటుంటే మనకి నిజంగా సిగ్గేస్తుంది. అది నేటివిటీ. ఊరు మార్చాడు, ఓటమిని వదిలేశాడు.

"సత్యదేవ్ కాబట్టి కుదిరింది, పెద్ద స్టార్‌ని కొడితే ఫ్యాన్స్ ఊరుకోరు" అంటారు. 'దృశ్యం' (2014) మర్చిపోయారా? శ్రీప్రియ డైరెక్షన్‌లో వెంకటేష్ రాంబాబు అనే కేబుల్ ఆపరేటర్. పోలీసుల చేతిలో తన్నులు తిన్నాడు, పెళ్ళాం పిల్లలు కూడా తిన్నారు. ఎవరూ థియేటర్ తగలబెట్టలేదు. జనం కుటుంబాలతో వెళ్ళి చూశారు. రాంబాబు తిరిగి కొట్టడని తెలిసే కదా, వాడి తెలివి మీద మనకంత ఆశ! కాబట్టి ఫ్యాన్స్ ఒప్పుకోరు అన్నది మాటవరసకే. చాలాసార్లు ఒప్పుకోనిది వాళ్ళు కాదు, ఒప్పుకోరేమోనన్న భయం.

డబ్బు పెట్టేవాడికి భయం ఉండదా అంటే, ఉంటుంది. తప్పు లేదు. కానీ అలాంటప్పుడు స్టార్ కోసం స్టార్ కథే రాయించుకోవచ్చుగా. మాస్ సినిమా మీద నాకు ద్వేషం లేదు, ఫస్ట్ షోకి వెళ్ళి ఈల వేసే రకమే నేను. ఓడిపోయే మనిషి కథని హక్కులు కొని మరీ తెచ్చి, అందులోంచి ఓటమిని తీసేసి, ఆ పని మీకోసమే చేశాం అని నన్ను చూపించడం దగ్గరే నాకు మండుతుంది.

ఇదే జబ్బు సూపర్‌హీరోల దగ్గరికి వచ్చేసరికి ఇంకా బాగా కనిపిస్తుంది. లంచ్‌లో ఎప్పుడూ ఒక చర్చ: మన దగ్గర సూపర్‌మ్యాన్ తీస్తే ఎవరు, బ్యాట్‌మ్యాన్ ఎవరు? వచ్చే పేర్లన్నీ పెద్ద హీరోలవే. నా జవాబు వాళ్ళకి నచ్చదు: వాళ్ళెవరూ వద్దు. సూపర్‌హీరో కథ నడిచేదే మామూలు మనిషికీ శక్తికీ మధ్య ఉన్న దూరం మీద. మన స్టార్ మొదటి షాట్‌లో స్లో మోషన్‌లో కారు దిగేసరికే ఎగరగలడని మనం నమ్మేస్తాం. కేప్ వేసుకుంటే కొత్తగా వచ్చేదేముంది?

1978 'సూపర్‌మ్యాన్' టైటిల్స్‌లో ముందు వచ్చే పేర్లు మార్లన్ బ్రాండో, జీన్ హాక్‌మన్. సూపర్‌మ్యాన్ వేసిన క్రిస్టఫర్ రీవ్ అప్పటికి జనానికి పెద్దగా తెలియనివాడు. అందుకే కళ్ళజోడు పెట్టుకుని తడబడే క్లార్క్ కెంట్‌ని నమ్మాం. 1989 'బ్యాట్‌మ్యాన్' సినిమాకి కామెడీలు చేసే మైకేల్ కీటన్‌ని తీసుకున్నారని తెలిసినప్పుడు అభిమానులు గోల పెట్టారు, సినిమా వచ్చాక సర్దుకున్నారు. 2025 'సూపర్‌మ్యాన్' అయితే మొదలవడమే ఒక ఓటమితో మొదలవుతుంది. మొదటిసారి ఓడిపోయి మంచులో పడున్నవాణ్ణి కుక్క ఈడ్చుకుపోతుంది. మన దగ్గర ఆ సీన్ ఏ స్టార్‌కి చెప్పగలరు?

అలాగని మనకి తెలీదా అంటే, తెలుసు. 'హను-మాన్' (2024) చూశాం కదా. తేజ సజ్జాని 'ఇంద్ర'లో చిన్నపిల్లాడిగా చూసినవాళ్ళం మనం. మణి దొరక్కముందు హనుమంతు ఒక చిల్లర దొంగ. వాడు దెబ్బలు తింటే నమ్ముతాం కాబట్టే, వాడు బండ ఎత్తితే ఈలలు వేశాం. అందులో విలన్ మైకేల్‌కి సూపర్‌హీరో అవ్వాలని ఎంత పిచ్చంటే, చిన్నప్పుడే అమ్మానాన్నలని చంపేస్తాడు. సూపర్‌హీరోలకి తల్లిదండ్రులు ఉండరుగా, అందుకని! శక్తిని కొనుక్కోవాలనుకునేవాడు విలన్, శక్తి అనుకోకుండా దొరికిన మామూలోడు హీరో. సంక్రాంతికి పెద్ద సినిమాల మధ్య వచ్చి నిలబడింది ఆ కథ.

ఇక అన్నిటికన్నా నన్ను కుట్టిన విషయం. 2025లో మలయాళం 'లోక' వచ్చింది, తెలుగులో 'కొత్త లోక'. బెంగళూరులో రాత్రి షిఫ్టులు చేసుకునే చంద్ర అనే అమ్మాయి, వెనకేమో కేరళ యక్షి కథ. చేసింది కళ్యాణి ప్రియదర్శన్. ఈ అమ్మాయి ఎక్కడ మొదలుపెట్టింది? మన దగ్గరే. 2017లో 'హలో', 2019లో 'చిత్రలహరి'. రెండిట్లోనూ హీరోకి ప్రేయసి. అదే మనిషి, అదే మొహం. మనకి హీరోయిన్ కనిపించిన చోట వాళ్ళకి సూపర్‌హీరో కనిపించింది. టాలెంట్ లేక కాదు, బడ్జెట్ లేక కాదు. హీరో కుర్చీ ఎవరిదో మనం ముందే రాసేసుకున్నాం, ఆ లైను ఎవరూ ముట్టుకోరు.

రేపు 'లోక'ని ఎవరైనా తెలుగులో రీమేక్ చేస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. క్లైమాక్స్‌లో చంద్రని కాపాడటానికి ఒకాయన వస్తాడు. ఆయనకో ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది.

మనం పరీక్షలు తప్పినవాళ్ళం, ఉద్యోగాలు పోయినవాళ్ళం, నలుగురిలో మాట పడి ఇంటికొచ్చి తలుపేసుకున్నవాళ్ళం. ఇంతకన్నా నేటివిటీ ఏముంటుంది? ఈసారి స్టేజీ మీద ఎవరైనా "మన నేటివిటీకి తగ్గట్టు మార్చాం" అంటే చప్పట్లు కొట్టకండి. ఏ ఊరి నేటివిటీ అండీ అది, అని అడగండి.