ముక్కు కొలిచి కులం రాసినవాళ్లు

బడులు తెరిచే జూన్ నెలలో మన్యంలో ఏ ఆఫీసు అరుగు చూసినా కుల ధ్రువపత్రం కోసం వచ్చినవాళ్లే. అట్లాంటి ఒక రోజున మేమూ ఒక ఆఫీసుకు వెళ్లాం. మనవణ్ణి హాస్టల్లో చేర్పించాలని అరకు లోయలోని ఒక ఊరి నుంచి వచ్చిన గదబ తాతకు తోడుగా వెళ్లాం. లోపల కూర్చున్నాయన తాత మాట్లాడే ఆదివాసీ ఒడియా విన్నాడు. మనవడి తెలుగు విన్నాడు. "గదబ మాట మీకు రాదు. మీ ఆడవాళ్లు నారచీరలు కట్టరు. చెవులకు ఇత్తడి చుట్లు పెట్టరు. మరి గదబలని ఎట్లా రాయమంటావు?" అన్నాడు.

తాత కోప్పడలేదు. "మా తాత గదబ. మా నాయన గదబ. నాను మాట మర్సిపోతే మా తాత మారిపోతాడేటి బాబూ?" అన్నాడు.

ఆ కుర్చీలో కూర్చున్నాయన చెడ్డవాడని మేము అనడం లేదు. ఆయన బుర్రలో ఒక పుస్తకం ఉంది. ఆయన దాన్ని చదివి ఉండకపోవచ్చు. అయినా అది ఉంది. నారచీర, ఇత్తడి చుట్టు, వింత పెళ్లి, వింత చావు... ఇవి ఉంటేనే ఆదివాసి అని చెప్పే పుస్తకం. నూరేళ్లు దాటిన ఆ పుస్తకం ఇవాళ మన పిల్లవాడి హాస్టలు సీటుకు అడ్డంగా నిలబడింది. అందుకని ఈ సంచికలో దాని పుట్టుపూర్వోత్తరాలు మాట్లాడుకుందాం.

మనుషుల్ని గురించి చదివే శాస్త్రానికి మానవశాస్త్రం అని పేరు. మంచి పేరే. కాని అది పుట్టిన ఇల్లు ఎటువంటిది? ఇంగ్లండులో టైలర్ అనే పండితుడు 'ప్రిమిటివ్ కల్చర్' అనే పుస్తకాన్ని 1871లో అచ్చు వేశాడు. మానవజాతి అంతా ఒకే నిచ్చెన ఎక్కుతోందని, కింది మెట్టు మీద ఆటవికులు, పై మెట్టు మీద నాగరికులు ఉన్నారని ఆ కాలపు పండితులు రాశారు. నిచ్చెన గీసినవాడు తన్ను తాను ఏ మెట్టు మీద కూర్చోబెట్టుకున్నాడో వేరే చెప్పాలా? మనకు ఈ నిచ్చెన కొత్తది కాదు. మనువు గీసిన నిచ్చెన మనం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. సరిగ్గా అదే 1871లో తెల్లదొరల ప్రభుత్వం ఈ దేశంలో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. పుట్టుకతోనే కొన్ని కులాలు దొంగలు అని చట్టంలో రాసుకుంది.

ఫ్రేజర్ అనే ఇంకో పెద్దమనిషి 1890లో 'గోల్డెన్ బౌ' అనే గ్రంథం తెచ్చాడు. అందులో మన తూర్పు కనుమల కోందుల మెరియా బలి గురించి రాశాడు. ఆయన ఈ కొండలు ఎక్కి చూసినవాడు కాదు. తెల్ల అధికారులు రాసిన రిపోర్టులు చదివి, ఇంట్లో కూర్చుని రాశాడు. నరబలిని మేము వెనకేసుకు రావడం లేదు. అది ఆగిపోవాల్సిందే, ఆగిపోయింది. కాని ఒక జాతి మొత్తాన్ని ఆ ఒక్క ఆచారంతో ప్రపంచమంతా గుర్తు పెట్టుకోవడం ఏం న్యాయం? కోందు రైతు పోడు ఎట్లా కొడతాడో, ఏ వాన తర్వాత ఏ విత్తనం చల్లుతాడో ఎవరికీ పట్టలేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. ఎడ్గార్ థర్‌స్టన్ 1885లో మద్రాసు మ్యూజియానికి సూపరింటెండెంటుగా వచ్చాడు. వైద్యం చదివినవాడు. రిస్లీ అనే అధికారి 1901 జనాభా లెక్కలకు కమిషనరు. వీళ్ల కాలంలోనే దేశమంతా కులాల, తెగల సర్వే మొదలయింది. పరికరం ఏమిటంటే కాలిపర్స్, అంటే రెండు కొమ్ములున్న ఇనుప కొలత. తల పొడవు, తల వెడల్పు, ముక్కు పొడవు, ముక్కు వెడల్పు కొలవాలి. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి నూటితో గుణించాలి. 70 లోపు వస్తే సన్నముక్కు. 85 దాటితే చప్పిడిముక్కు. ముక్కు ఎంత సన్నగా ఉంటే కులం అంత పైది అని రిస్లీ సూత్రం చెప్పాడు. బాపనయ్యకు శాస్త్రంలో ఉన్న పీట తెల్లదొర స్కేలు మీద కూడా దక్కింది. మనకు మళ్లీ ఊరి బయటే చోటు.

జనం ఏమనుకున్నారు? థర్‌స్టనే రాసుకున్నాడు. వైనాడు కొండల్లో పణియ ఆడవాళ్లు, తమలో మంచి మనుషుల్ని ఏరి గడ్డి కూరి మ్యూజియంలో నిలబెడతాడేమోనని భయపడ్డారట. ఎప్పటిదో చిన్న నేరం మీద ఉన్న ఒక ఇరుళ మనిషి ఎత్తు కొలిచే కర్రను చూసి అది ఉరికొయ్య అని దగ్గరకు రానన్నాడట. థర్‌స్టన్ వీటిని నవ్వులాటగా చెప్పాడు. మాకు నవ్వు రాలేదు. ఆ ఇరుళ మనిషి తెలివి తక్కువవాడా? ఇదే థర్‌స్టన్ మద్రాసు పోలీసులకు నేరస్థుల్ని శరీర కొలతలతో గుర్తుపట్టే పద్ధతి నేర్పినవాడు. కొలతబద్ద వెనకాల లాఠీ ఉందని ఆ నిరక్షరాస్యుడు కనిపెట్టాడు. 1911లో నేరస్థ తెగల చట్టం మద్రాసు రాజ్యంలోకి వచ్చింది. మన ఎరుకల వాళ్లను స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు తీసుకున్నారు. దేశమంతటా ఆ చట్టం 1952 దాకా పూర్తిగా పోలేదు.

థర్‌స్టన్ తన సహాయకుడు కె. రంగాచారితో కలిసి 1909లో ఏడు సంపుటాల పుస్తకం తెచ్చాడు. దక్షిణాది కులాలు, తెగలు అన్నీ అక్షర క్రమంలో ఉన్నాయి. గదబలు రెండో సంపుటం. కోందులు మూడో సంపుటం. మాల మాదిగలు నాలుగో సంపుటం. బి.ఇ.డి. చదివే రోజుల్లో ఒక లైబ్రరీలో ఆ సంపుటాలు మా చేతికి మొదటిసారి వచ్చినప్పుడు మేము ముందుగా తిప్పింది మా కులం పేజీయే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేము. మా గురించి అచ్చయిన పుస్తకం చూడడం అదే మొదలు. గుండె దడదడలాడింది. చదివాక సిగ్గు వేసింది. ఆ తర్వాత కోపం వచ్చింది. మా అమ్మ ఎవరి పొలంలో నాట్లు వేసింది, ఎంత కూలి ఇచ్చారు, ఎవరు ఎగ్గొట్టారు అనే ముక్క అందులో మాకు దొరకలేదు. అడవి చట్టం 1882లో వచ్చాక కొండవాడి పోడు ఏమయింది, షావుకారు అప్పు కింద ఎన్ని గరువులు పోయాయి అని అడగడం కాలిపర్స్ పని కాదు. ముక్కు కొలిచినవాడు కడుపు కొలవలేదు.

ఇంకో సంగతి. ఆ పుస్తకాల్లో ఒక పేరు కింద ఒక జాతి. నిజంలో అట్లా లేదు. గదబ అన్న ఒక్క పేరు కింద రెండు వేరు వేరు భాషా కుటుంబాల వాళ్లున్నారు. గుతోబ్ మాట్లాడే గదబలది ముండా కుటుంబం. ఒల్లారి మాట్లాడే గదబలది మన తెలుగు ఉన్న ద్రావిడ కుటుంబం. అరకు సంతలో ఇద్దరూ ఆదివాసీ ఒడియాలో బేరమాడుకుంటారు. మరి ఆఫీసులో అయ్యగారు "గదబ మాట" అన్నది ఏ మాట?

ఇదంతా పాత కథ కదా అనవచ్చు. కాదు. షెడ్యూల్డ్ తెగ అంటే ఎవరు అని తేల్చడానికి 1965లో లోకూర్ కమిటీ అయిదు గుర్తులు చెప్పింది. ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, దూరంగా విడిగా ఉండడం, పరాయివాళ్లతో కలవడానికి బిడియం, వెనకబాటుతనం. మన పిల్ల బిడియం వదిలి మైకు ముందు నిలబడి మాట్లాడితే తెగ లక్షణం పోయినట్టా? 1975 నుంచి కొన్ని తెగలను 'ఆదిమ తెగలు' అన్నారు. 2006లో గాని ఆ మాట తీసేయలేదు. 1994లో మాధురి పాటిల్ కేసులో సుప్రీంకోర్టు, ధ్రువపత్రం విచారణలో దేవుడు, ఆచారం, పెళ్లి, చావు, పూడ్చే పద్ధతి వగైరా చూడమంది. దొంగ సర్టిఫికెట్లు ఆపడానికి ఆ తీర్పు వచ్చింది. దొంగ సర్టిఫికెట్లు ఆపమనడం మన డిమాండు కూడా. కాని ఆ జాబితా దొంగను పట్టడానికి బదులు దొరను పుస్తకం తిరగేయమంది. చివరకు 2023 మార్చిలో ముగ్గురు న్యాయమూర్తుల బెంచి, ఆచారాల పరీక్ష ఒక్కటే గీటురాయి కాదని చెప్పింది. రాజ్యాంగానికి ముందు నాటి కాగితాలకు ఎక్కువ విలువ ఉంటుందని చెప్పింది. ఈ సంగతి ప్రతి కార్యకర్తా గుర్తు పెట్టుకోవాలి. ఆఫీసులో చెప్పాలి.

అయితే ఈ పుస్తకాలను తగలబెడదామా? వద్దు. మనకు దారి చూపినవాడు ఆ పని చేయలేదు. 1916 మే 9న న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయంలో, మానవశాస్త్రం సెమినారులోనే, పాతికేళ్ల అంబేద్కర్ లేచి భారతదేశంలో కులాల పుట్టుక మీద తన పత్రం చదివాడు. కులానికి మూలం ముక్కులో లేదు, కులం బయట పెళ్లి కూడదన్న కట్టడిలో ఉందని చెప్పాడు. కొలతకు లొంగాల్సిన మనిషి కొలిచేవాళ్ల బల్ల దగ్గర కూర్చుని మాట్లాడిన రోజు అది. 1948లో అంటరానివాళ్ల మీద రాసిన పుస్తకంలో ఆయన ఆ ముక్కు కొలతలనే చేతికి తీసుకున్నాడు. ఆ లెక్కలనే నమ్మితే బ్రాహ్మణుడూ అంటరానివాడూ ఒకే జాతి అని తేలుతోంది కదా అని ఎదురు ప్రశ్న వేశాడు. వాళ్ల కత్తితోనే వాళ్ల ముడి కోశాడు.

ఆ కొలంబియాలోనే ఫ్రాంజ్ బోయస్ అనే ప్రొఫెసరు ఉండేవాడు. వలస వచ్చినవాళ్లను, వాళ్ల పిల్లలను దాదాపు 18 వేల మందిని కొలిచాడు. అమెరికాలో పుట్టిన పిల్లల తల కొలతలు అమ్మానాన్నల తలల నుంచి తేడాగా వచ్చాయి. తల ఆకారమే స్థిరం కానప్పుడు దాన్ని బట్టి జాతికి వెల కట్టేదేమిటి? శాస్త్రం తన తప్పును తానే దిద్దుకోగలదు, అడిగేవాళ్లుంటే.

తర్వాత వచ్చినవాళ్లలో కొందరు వేరే తీరుగా పని చేశారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక హైమండార్ఫ్ ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి, భూమి సంగతి నిజాం సర్కారుకు చెప్పాడు. మార్లవాయిలో గోండు పిల్లగాళ్లనే పంతుళ్లుగా తయారుచేసే కేంద్రం పెట్టించాడు. థర్‌స్టన్ కూర్చున్న మద్రాసు మ్యూజియం కుర్చీలో 1940లో అయ్యప్పన్ కూర్చున్నాడు. ఆయన అంటుముట్టు బాధ తెలిసిన ఈళవ కులంలో పుట్టినవాడు. అరకు ప్రాంతపు కొండదొరల కూబి భాష మీద భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో పుస్తకం తెచ్చాడు. లిపి లేని మాటకు ఎంత పకడ్బందీ వ్యాకరణం ఉందో అది చదివితే తెలుస్తుంది. వీళ్ల పని మనకు పనికొస్తుంది. అయినా వీళ్లంతా బయటి నుంచి వచ్చి రాసినవాళ్లే. మనం ఎప్పుడు రాస్తాం?

మిత్రులారా, ఒక చేదు మాట కూడా చెప్పాలి. మైదానం నుంచి ఉద్యోగానికి కొండెక్కిన మన దళిత పంతుళ్ల నోట "ఈ కొండోళ్లింతే" అనే మాట మేము విన్నాం. మొదటి ఏడాది మా నోటా వచ్చింది. కొండ మీద కూడా ఎవరింట్లో ఎవరు నీళ్లు తాగకూడదో లెక్కలున్నాయి. దొర వదిలి వెళ్లిన కాలిపర్స్ మనం ఏరుకుని ఒకరి ముక్కు ఒకరం కొలుచుకుంటున్నాం. ఆ ఇనుప ముక్క ముందు మన చేతిలోంచి జారాలి.

ఇక పని. ప్రతి ఊళ్లో ఒక నోటుబుక్కు పెట్టండి. ఏడో తరగతి చదివే పిల్ల చాలు రాయడానికి. ముసలివాళ్లను అడిగి నాలుగు తరాల పేర్లు రాయండి. ఏ గరువు ఎవరిది, ఎవరి చేతికి ఎట్లా పోయింది రాయండి. కొండకు, గెడ్డకు, రాయికి మీ మాటలో ఉన్న పేర్లు రాయండి. పెళ్లీ చావూ మారి ఉంటే ఎందుకు మారాయో రాయండి. మారడం తప్పు కాదు. మారనిది మ్యూజియంలో బొమ్మ ఒక్కటే. రాసింది పదిమందిలో చదివి వినిపించి, తప్పులు దిద్ది, ఊరి పెద్దల చేత వేలిముద్రలు వేయించండి. 1950కి ముందటి పట్టా గాని, శిస్తు రసీదు గాని, బడి రిజిస్టరు నకలు గాని ఏ ఇంట్లో ఉన్నా జిరాక్సు తీసి భద్రం చేయండి. కాగితం లేని ఇంటికి ఈ నోటుబుక్కే మొదటి కాగితం అవుతుంది.

ఆ గదబ తాత మనవడికి మూడు నెలలు తిరిగాక సర్టిఫికెట్ వచ్చింది. హాస్టల్లో చేరేసరికి సగం పాఠాలు అయిపోయాయి. మా ఊళ్ల వైపు మొదలుపెట్టిన నోటుబుక్కులో మొదటి పేజీ ఆ పిల్లవాడు రాసిందే. తన తాత పేరు, తాతకు తాత పేరు రాశాడు. ముక్కు కొలత రాయలేదు.