అక్షరమునకు చలనము

తెరపై బొమ్మ కదలుట నేడు వింత కాదు. అక్షరము కదలుట నేటి వింత. చిత్రము పేరు ఒక్కొక్క గీతగా పుట్టి నిలుచుట, పాట సాగుచుండగా పదములు తాళమునకు లేచి యాడుట, ప్రకటనలో మాట చెదరి మరల కూడుట, ఇవి యన్నియు మనము నిత్యము చూచుచున్నవే. ఈ విద్యకు మోషన్ గ్రాఫిక్స్ అనియు, అందు అక్షరమునకు సంబంధించిన శాఖకు కైనెటిక్ టైపోగ్రఫీ అనియు పాశ్చాత్యులు పేరిడిరి. మేము దీనిని చలదక్షరకళ యందుము. తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయములైన జూబిలీహిల్స్, ఫిలింనగర్‌ల నీడలో డిజైను విద్య నభ్యసించు యువతీయువకులు కొందరు ఈ కళను చేపట్టి తెలుగులిపితో ప్రయోగములు చేయుచున్నారు. ఇది కుర్రవారి వినోదమని పెద్దలు ఉపేక్షింపవచ్చును. మేమట్లు తలంపము. తెలుగు అక్షరము తెరపై తెలుగు అక్షరముగానే కదలునా, లేక తన తావును పరలిపికి విడిచి తప్పుకొనునా యను ప్రశ్నకు సమాధానము ఈ విద్యార్థుల చేతిలో నున్నది. తెలుగు చదువు కొంతవరకు ఆ సమాధానముపై నాధారపడి యున్నది.

అక్షరమనగా క్షరము కానిదని మన శాబ్దికులు వ్యుత్పత్తి చెప్పిరి. నాశము లేదనిరి గాని చలనము లేదనలేదు. అక్షరాభ్యాసమునాడు పళ్లెములోని బియ్యముపై పెద్దల చేయి పిల్లవాని వ్రేలిని నడిపించునపుడు అక్షరము కదలుచునే పుట్టును. పలకపై దిద్దించుటయు నదియే. అచ్చుయంత్రము వచ్చిన పిదప అక్షరము పుట్టుక మన కంటికి మరుగై, పుట్టిన రూపము మాత్రము మిగిలినది. ఆ పుట్టుకను మరల కంటికి చూపగల విద్య నేడు లభించినది. కనుక దీనిని కేవలము విదేశపు మోజు అని త్రోసివేయుట తగదు.

పాశ్చాత్య దేశములలో దీనికి చరిత్ర కలదు. 1959లో హిచ్‌కాక్ నిర్మించిన ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’ చిత్రమునకు సాల్ బాస్ అను రూపశిల్పి పేర్లపట్టికను కూర్చెను. గీతలు దూసికొనివచ్చి జాలముగా నేర్పడును. ఆ జాలమే తుదకు ఒక మేడ యొక్క అద్దాల గోడగా మారును. ఆ గీతల వెంట నటీనటుల పేర్లు లిఫ్టువలె ఎక్కుచు దిగుచు పోవును. కథలో అడుగిడక మునుపే ప్రేక్షకుడు నగరపు ఉరవడిలో చిక్కుకొనును. 1993లో ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అను కంప్యూటరు సాధనము వెలువడిన పిదప, గొప్ప స్టూడియోలకే సాధ్యమైన ఈ పని క్రమముగా విద్యార్థి బల్లపైకి దిగివచ్చినది. మన దేశముననే సత్యజిత్ రే, ప్రకటనల సంస్థలో చిత్రకారుడుగా పనిచేసిన యనుభవముతో, 1955 నాటి ‘పథేర్ పాంచాలీ’ మొదలుకొని తన చిత్రముల అక్షరములను తానే రూపించుకొనెను. వంగలిపి ఆయన చేతిలో అలంకారము కాదు, కథలో భాగమే.

మనకును అట్టి చేతులు లేకపోలేదు. 1967లో ‘సాక్షి’తో దర్శకుడైన బాపు చిత్రకారుడు మాత్రమే కాడు, ఆయన చేవ్రాత తెలుగువారికి ఎంత ప్రియమైనదనగా, అది కంప్యూటరులో ఫాంటు రూపము దాల్చి, 2014లో ఆయన గతించిన పిదపను శుభలేఖలపై జీవించుచున్నది. ప్రచార చిత్రకారుడు ఈశ్వర్ దశాబ్దముల తరబడి చిత్రముల పేర్లకు రూపము దిద్ది, ఆ విద్యాచరిత్రను ‘సినిమా పోస్టర్’ అను గ్రంథముగా మనకిచ్చి, 2021లో కాలధర్మము చెందెను. నాడు గోడమీది పేరు చూచినంతనే అది పౌరాణికమో, జానపదమో, సాంఘికమో చదువురానివానికిని తెలిసెడిది. పరిశ్రమ మద్రాసునుండి హైదరాబాదునకు తరలినది. 1976లో అన్నపూర్ణ స్టూడియో, తదుపరి ఫిలింనగర్‌లో రామానాయుడు స్టూడియో వెలసినవి. యంత్రములు వచ్చినవి, ధనము వచ్చినది, ప్రపంచఖ్యాతియు వచ్చినది. కాని ఆ అక్షరవిద్యకు తగిన వారసత్వము కుదురలేదు.

ఇందుకు యంత్రమును కొంత నిందింపవలసి యున్నది. రోమను లిపిలో అక్షరములు పూసలవలె వరుసగా నిలుచును. ఒక పూసను ఎగురవేసినను తక్కినవి చెదరవు. మన అక్షరము పూస కాదు, కట్టడము. ‘లక్ష్మి’ యను మాటలోని రెండవ అక్షరమును చూడుడు: నడుమ కకారము, పైన గుడి, క్రింద షవత్తు, మవత్తు. చదువరికి ఇది ఒకే అక్షరము. యంత్రమునకు ఆరు సంకేతముల వరుస. రోమను కొరకు నిర్మించిన సాధనముతో, తగిన అమరిక లేక, అక్షరములను ఒక్కొక్కటిగా ఎగురవేయుమన్నచో గుడి యొక దిక్కునకు, ఒత్తు మరియొక దిక్కునకు పోయి కట్టడము కూలును. 2018 ఫిబ్రవరిలో జరిగిన వింత పాఠకులకు జ్ఞాపకముండును. ‘జ్ఞా’ యను అక్షరపు సంకేతములను ఒక విశేష క్రమమున పంపినంతనే ఐఫోనులు స్తంభించినవి. ఆ మాసముననే ఆపిల్ సంస్థ దిద్దుబాటు వెలువరింపవలసి వచ్చినది. జ్ఞానమునకు మొదటి అక్షరమును మోయలేక ప్రపంచమున నెన్నదగిన యంత్రము చతికిలబడినదని నాడు మనము నవ్వుకొంటిమి. 2011 జనగణన ప్రకారము ఈ దేశముననే 8 కోట్ల 11 లక్షల మంది మాతృభాషయైన తెలుగును యంత్రనిర్మాతలు తుదిని పరీక్షింతురే గాని మొదట పరీక్షింపరని ఆ యుదంతము చాటుచున్నది. అది నవ్వవలసిన విషయము కాదు.

దోషమంతయు పరులదే యనుట న్యాయము కాదు. అచ్చుపనిలోను, పోస్టరుల పనిలోను మనవారు చిరకాలము వాడిన ఫాంట్లలో పెక్కులు యూనికోడునకు చెందినవి కావు. అందు కూర్చిన మాటను వేరొక ఫాంటులోనికి మార్చినంతనే అర్థములేని గుర్తులగును. నేడు మండలి, రామభద్ర, గురజాడ, సురవరం మున్నగు యూనికోడు ఫాంట్లు ఉచితముగానే లభించుచున్నవి. సాధనము లేదను సాకు మునుపటంత చెల్లదు.

ఇక విద్యార్థి చేయవలసిన అసలు శోధన యెక్కడ నున్నది? పరుల చలనమును తెచ్చి మన అక్షరమునకు తొడుగుటలో లేదు. మన అక్షరము తనంత తాను ఎట్లు కదలగోరునో కనుగొనుటలో నున్నది. చేయి వ్రాయు క్రమమున వట్రువ మొదలై, తలకట్టు పడి, గుణింతము చేరి, తుదిని ఒత్తు వచ్చి క్రింద ఒదుగవలయును. అట్లు చూపినచో చూచువాడు వ్రాయుటయు నేర్చుకొనును. కాలప్రమాణము కొరకును పరాయి కొలత తేనక్కరలేదు. మన ఛందస్సు దానిని ఏనాడో కొలిచి పెట్టినది. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. చలనచిత్రమున సెకనుకు 24 ఫ్రేములు గనుక, లఘువునకు 6 ఫ్రేములిచ్చినచో గురువునకు 12 ఈయవలయును. ఇందొక సూక్ష్మము కలదు. ‘అమ్మ’ యను మాటలో కంటికి బరువైనది ఒత్తుగల రెండవ అక్షరము. చెవికి బరువైనది మొదటిది, ఏలయన సంయుక్తమునకు ముందున్న అక్షరము గురువగును. కంటిని మాత్రము నమ్మిన శిల్పి ‘మ్మ’ను ఎక్కువసేపు నిలుపును, తాళము తప్పును. ఛందస్సు తెలిసిన శిల్పి అకారమును రెండు మాత్రలు నిలిపి ‘మ్మ’ను ఒక మాత్రలో తేల్చివేయును, పాటయు మాటయు ఏకమగును. ఈ రహస్యము ఏ విదేశపు పాఠ్యగ్రంథమునను దొరకదు. మన పాఠశాలలలో గణవిభజనకై విసుగుతో వల్లించిన పాఠము, తెరముందు కూర్చున్న శిల్పికి పనిముట్టు కాగలదు.

ఈ సందర్భమున ఒక విషాదమును చెప్పక తప్పదు. నేడు వెలువడు తెలుగుపాటల లిరికల్ వీడియోలు పెక్కింటిలో తెలుగు సాహిత్యమును రోమను అక్షరములతో చూపుచున్నారు. తెలుగు గొంతు పాడును, తెలుగు కవి వ్రాయును, తెరపై ఇంగ్లీషు అక్షరము ఆడును! విదేశములలోని మన పిల్లలకు తెలుగు చదువ రాదనియు, చిత్రము దేశమంతట నడువవలెననియు నిర్మాతలు సమాధానము చెప్పుచున్నారు. ఆ వాదములో పస లేకపోలేదు. వ్యాపారి తన సరకును పదిమందికి చేర్చదలచుట సహజము. కాని పిల్లలకు రాదని చూపక, చూపలేదు గనుక వారికి రాక, ఈ చక్రము ఎన్నడు తెగును?

పాట క్రింద కదలు అక్షరము చదువు నేర్పగలదని ఊహతో చెప్పుట లేదు. 1996లో అహమ్మదాబాదు మేనేజిమెంటు విద్యాసంస్థకు చెందిన బ్రిజ్ కొఠారి ఒక ప్రయత్నమునకు పూనెను: సినిమాపాట క్రింద అదే భాషలో సాహిత్యమును చూపి, పాడుచున్న పదము పాటతోపాటు రంగు మారునట్లు చేయుట. గుజరాతు దూరదర్శన్‌లో మొదలై అది పలు భాషలకు వ్యాపించినది. కూడబలుకుకొని చదువువారి పఠనశక్తి దానివలన మెరుగుపడినదని పరిశీలనలు తేల్చినవి. రంగు మారుట చలదక్షరకళలో మొట్టమొదటి మెట్టు మాత్రమే. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత నూటికి సుమారు 67. అనగా ఏడేండ్లు నిండినవారిలో ముగ్గురికొకరు చదువుకు దూరము. వారికిని పాట దూరము కాదు. పల్లెలో చదువురాని యిల్లాలికి కంఠస్థమైన పాటలో ప్రతి పదమును తెలుగక్షరమున కదలించి చూపినచో, చెవికి తెలిసినది కంటికిని తెలియును. అదే పదమును రోమను లిపిలో చూపినచో ఆమెకు ఒరుగున దేమి?

రెండు లిపులను పక్కపక్కన చూపుటకు అడ్డము లేదు. 2020 మార్చి 25న, ఉగాదినాడు, ‘ఆర్ఆర్ఆర్’ చిత్రపు మోషన్ పోస్టరు అగ్నిజలములను ఇరువురు వీరులకు ప్రతీకలుగా చేసికొని వెలువడినది. పేరులోని మూడక్షరములు రోమనువే; తెలుగున ‘రౌద్రం రణం రుధిరం’ అని విస్తరణ. తక్కిన దక్షిణ భాషలకును వేర్వేరు విస్తరణలు కూర్చిరి. ఒక పేరును అన్ని భాషలకు తీర్చగల నేర్పు మనవారికి కలదని ఇందువలన తేలినది. ఆ నేర్పును తెలుగక్షరపు పొగరును, ఒయ్యారమును ముందు నిలుపుటకు వినియోగింపుడని మాత్రమే మేము కోరుచున్నాము.

కావున నిర్మాతలకు మా విన్నపము: తెలుగుపాటను తెరకెక్కించునపుడు తెలుగక్షరమును మొదట నిలుపుడు, రోమను కావలసినచో క్రింద నుంచుడు, ఆ అక్షరములను కదలించిన శిల్పి పేరును పట్టికలో చేర్చుడు. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయము, ఆంధ్రప్రదేశ్‌లోని జాతీయ డిజైను సంస్థ వంటి విద్యాలయములు తెలుగు లిపినిర్మాణమును, దానితోపాటు ఛందస్సును, డిజైను విద్యార్థికి విధిగా బోధింపవలయును. ఉభయ ప్రభుత్వములు సంయుక్తాక్షరములన్నియు సరిగా పలుకు ఫాంట్లను ప్రజల సొత్తుగా నిర్మింపించవలయును. ఒక భారీ చిత్రమున ఒక్క పోరాట దృశ్యమునకగు వ్యయముతో పోల్చిన ఇది గణనకు రాదు.

యువజనులారా! మీరు తీర్చు ఒక్క నిమిషపు చలనమునకు 1440 ఫ్రేములు పట్టును. ఎవరును చూడని ఆ శ్రమ నిష్ఫలము కాదు. గంటముతో తాటాకుపై వ్రాసినవారు అక్షరమునకు గుండ్రని రూపమిచ్చిరి. అచ్చువారు దానికి వ్యాప్తి నిచ్చిరి. చలనమిచ్చు వంతు మీది. యంత్రము ఎవరిదైనను కానిండు, అది కదలించు అక్షరము మనది కావలయును.